సదయ్య ఆగిన కాడ

గోదావరిఖనిలో ఇంట్లో కూర్చుని జీతం తీసుకునే మనిషిని ఎవరూ ఉద్యోగస్తురాలిగా లెక్కపెట్టరు. డ్యూటీ అంటే ఒక షిఫ్టుండాలి, సైరన్ మోగాలి, బండెక్కి పోవాలి, ఒంటికి ఇంత మసి అంటాలి. సంతోషికి ఇవేవీ లేవు. పొద్దున ముందు గదిలో కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుంటుంది, సాయంత్రం లేస్తుంది. పక్కింటి షహజాదీ బేగం కొన్నేళ్లుగా అడుగుతూనే ఉంది, “నీది ఏం పని సంతోషీ? టైపింగా?” అని. మొదట్లో విడమరిచి చెప్పేది. చెప్పినంతసేపూ ఆవిడ గంగిరెద్దులా తలూపి, చివర్న మళ్లీ “అంటే టైపింగే కదా?” అనేది. ఇప్పుడు సంతోషి “ఆఁ అక్కా, టైపింగే” అని ఊరుకుంటోంది.

పని టైపింగ్ కాదు, టెస్టింగ్. హైదరాబాదులో ఆమె కంపెనీ బస్సు టికెట్లు అమ్మే ఒక వెబ్‌సైటును చూసుకుంటుంది. ఆ సైటులో రోజూ ఏదో ఒకటి మారుస్తారు. మార్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు లాగిన్ అయి, ఊరు వెతికి, సీటు ఎంచుకుని, డబ్బు కట్టి, టికెట్ వచ్చిందో లేదో చూడాలి. రోజుకు మూడు వందల సార్లు మనిషి చేత ఈ పని చేయిస్తే పిచ్చెక్కుతుంది. అందుకని ఒక ప్రోగ్రామే మనిషిలాగా ఆ బటన్లన్నీ నొక్కుకుంటూ పోతుంది. ఆ ప్రోగ్రాములు రాసేది సంతోషి. లేని మనుషుల పేరు మీద, పోని ప్రయాణాలకు ఆమె కొన్న టికెట్లకు లెక్కే లేదు. తను మాత్రం బస్సెక్కి ఏడాది దాటింది.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. పెళ్లయింది, మూడేళ్లకే తెగిపోయింది, దాని గురించి ఆమె మాట్లాడదు కనుక మనమూ మాట్లాడొద్దు. తల్లి ఐలవ్వ ఆ పెళ్లికి ముందే పోయింది. లాక్‌డౌన్ పెట్టినప్పుడు పదిహేను రోజులకని రెండు సంచులతో హైదరాబాదు నుంచి తండ్రి దగ్గరికి వచ్చింది. వచ్చినప్పుడు తెచ్చిన సంచులు ఇంకా అటక మీదే ఉన్నాయి. తండ్రి రాయమల్లు ముప్పై నాలుగేళ్లు భూమి కింద బొగ్గు బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. నిరుడు ఆషాఢంలో ఊపిరితిత్తులు పాడై ఆయనా వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో మాట అనేది కూరగాయల బండి వచ్చినప్పుడే. ఆఫీసు మీటింగులో ఆమె వంతు రోజుకు రెండు వాక్యాలు. “ఇవాళ ఇది చేశాను. రేపు ఇది చేస్తాను.” కెమెరాలు ఎవరూ పెట్టరు. ఒకరోజు సంతోషి ఉండబట్టలేక పొద్దున్నుంచి ఎన్ని మాటలు మాట్లాడిందో గుర్తు తెచ్చుకుంది. ఇరవై కూడా తేలలేదు. అందులో నాలుగు వాకిట్లోకి వచ్చిన పిల్లితో.

కానీ ఒక గొంతు మాత్రం మిగిలింది. అది ఎట్లా మిగిలిందో చెప్పాలంటే లాక్‌డౌన్ దాకా వెనక్కి పోవాలి.

అప్పట్లో ఒకనాడు డిజైన్ చేసేవాళ్లు పేజీలో ఒకే ఒక్క బటన్‌ను పక్కకు జరిపారు. పొద్దున చూసుకుంటే సంతోషి రాసిన మూడు వందల టెస్టులూ ఎర్రగా ఫెయిలై ఉన్నాయి. ఆమె తల పట్టుకుంది. రాయమల్లు ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, తెలుగులో సంతకం వచ్చు.

“ఏమైంది బిడ్డా? గట్ల కూసున్నవేంది?”

“ఒక్క బటన్ జరిగింది బాపూ. ఎక్కడెక్కడ దాని అడ్రస్ రాసిన్నో, గక్కడల్లా మళ్ల మార్చాలె. మూడు వందల కాడ.”

“బటన్‌కు అడ్రస్ ఏంది?”

“పైనుంచి మూడో డబ్బా, అండ్ల రెండో వరుస, అండ్ల నాలుగోది. గట్ల ఉంటది.”

రాయమల్లు ఫక్కున నవ్వాడు. “ఇది మా బాయి ప్లాను లెక్కనే ఉన్నదేందే! సర్వే సార్ల కాయితంల ‘నలభై రెండో లెవెల్, ఆరో డిప్పు’ అని ఉంటుండె. ఏడాదికోసారి కాయితం మార్తుండె, నంబర్లు మార్తుండె. మేం నంబర్లు పట్టుకొని తిరిగితే ఇంటికే రాకపోదుము. మేం ప్రతి జాగకు ఓ పేరు పెట్టుకున్నం. ‘ఎలుకల దర్వాజ కాడ బొగ్గు టబ్బు ఆపు’ అంటే ఎవనికైనా తెలుస్తది. నంబర్ మార్తే మా మీదుండే సర్దార్ ఒక్కడు తన పుస్తకంల దిద్దుకుంటడు. మాకేం ఫికర్?”

సంతోషి ఆయన వంక చూసింది. ఆయన చెప్పిందే ఆమె చదువుకున్న పద్ధతి కూడా. పేజీలో ఉన్న ప్రతి బటన్‌కూ, ప్రతి డబ్బాకూ ఒక పేరు పెట్టి, దాని అడ్రస్‌ను ఒక్క ఫైల్లో రాసిపెట్టాలి. టెస్టులన్నీ పేరుతోనే పిలవాలి. అడ్రస్ మారితే ఆ ఒక్క ఫైల్లో దిద్దితే సరి. పద్ధతి అందరికీ తెలుసు, తీరిక లేదని ఎవరూ చెయ్యలేదు, అంతే. లాక్‌డౌన్‌లో ఆమెకు తీరికకు కొదవేముంది?

పేర్లు పెట్టడానికి కూర్చుంటే ఆమెకు ఒక్కటీ తోచలేదు. ‘బటన్ ఒకటి, బటన్ రెండు’ అని మొదలుపెట్టింది. రాయమల్లుకు చిర్రెత్తింది.

“పసిపిల్లకు గూడ ‘పిల్ల ఒకటి’ అని పేరు పెడ్తరా ఎవరన్న? అది ఏం చేస్తదో చెప్పు, నేను పెడ్త.”

ఆ రెండు నెలలూ పొద్దున చాయ్ తాగి ఇద్దరూ ఆ పని మీదే కూర్చున్నారు. ఆమె బటన్ ఏం చేస్తుందో చెప్పేది, ఆయన బాయిలో అలాంటి జాగా ఏదో తలచుకుని పేరు చెప్పేవాడు, ఆమె ఇంగ్లీషు అక్షరాల్లో రాసేది. ఊరి పేరు వెతికే డబ్బాలో రెండక్షరాలు కొట్టగానే కింద ఊళ్ల పేర్లు బిలబిలమని దిగుతాయి. అది ‘ఎలుకల దర్వాజ’. “అన్నం డబ్బా మూత తీస్తే సాలు, యాడికెల్లి అస్తయో తెల్వదు బిడ్డా” అన్నాడు. దారికి అడ్డంగా వచ్చి ‘ఈ ఆఫర్ చూశారా’ అని నిలబడే పెట్టెకు ‘ఐలవ్వ అడ్డం’ అని పేరు. ఆయన డ్యూటీకి పోయేటప్పుడు ఐలవ్వ గడపలో నిలబడి “తిన్నవా, డబ్బా పెట్టుకున్నవా, బూట్ల లేసు కట్టినవా” అని మూడింటికీ జవాబు చెప్పించుకుంటే గానీ కదలనిచ్చేది కాదు. లాగిన్ కావడం ‘దిగుడు’. లాగౌట్ కావడం ‘పైకచ్చుడు’.

అన్నిట్లోకీ రాయమల్లు బాగా ఆలోచించి పెట్టిన పేరు ‘సదయ్య ఆగిన కాడ’. సీటు ఎంచుకున్నాక డబ్బు కట్టే బటన్ వెంటనే కనబడుతుంది. కానీ వెనక ఒక చిన్న చక్రం తిరుగుతూ ఉంటుంది. అది ఆగేదాకా ఆగకుండా నొక్కితే ఒకే సీటు ఇద్దరికి పోతుంది. అందుకని అక్కడ ఆగడానికే ఒక ముక్క రాయాల్సి వచ్చింది.

“గిక్కడ ఆగాలె అంటవు. ఆగకపోతే ఖతం,” అన్నాడు రాయమల్లు. “అయితే ఇది సదయ్య ఆగిన కాడ.”

“సదయ్య ఎవరు బాపూ?”

“మా జోడీ పనోడు. ఓనాడు టబ్బు కాడికి పోతాంటే నడుమల తమాకు నోట్లె ఏసుకుందామని ఆగిండు. ముంగట పది అడుగులల్ల రూఫు కూలింది. ఆగకపోతే గండ్లనే ఉంటుండె. అప్పటిసంది ఆ జాగకు అదే పేరు. ఎవడు పోయినా ఆడ ఓ నిమిషం ఆగి, మీద చెవు పెట్టి ఇని పోయేటోడు. కొత్తగ అచ్చిన సార్లు గూడ ఆగేటోళ్లు, ఎందుకో తెల్వకున్నా.”

అట్లా నూట నలభై ఒక్క పేర్లు. హైదరాబాదు వాళ్లు చూసి నవ్వారు. ఇదేం భాషని ఒకరిద్దరు అడిగారు. టెస్టులు మాత్రం మళ్లీ అట్లా కుప్పకూలలేదు కనుక నవ్వడం మానేశారు.

రాయమల్లు పోయాక ఇల్లంతా వెతికినా ఆయన గొంతు ఎక్కడా దొరకలేదు. వీడియో తీసి పెట్టుకోవాలని ఆమెకు ఎన్నడూ తోచలేదు, ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా తనను తాను తిట్టుకుంటుంది. కానీ రోజూ పొద్దున టెస్టులు నడిపితే నల్లటి తెర మీద ఆ పేర్లు వరసగా దిగుతాయి. దిగుడు, ఎలుకల దర్వాజ, ఐలవ్వ అడ్డం, సదయ్య ఆగిన కాడ, పైకచ్చుడు. ఆమె చాయ్ గ్లాసు పట్టుకుని వాటిని పైకే చదువుకుంటుంది. ఆ కాసేపూ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఎవరో కూర్చున్నట్టే ఉంటుంది. మిగతా రోజంతా ఆ కాసేపు మీదే నడుస్తుంది.

ఆ బుధవారం మీటింగులో టీమ్ లీడ్ సహస్ర ఆమెను ఆగమంది. సహస్ర వయసులో చిన్నది, మర్యాద తెలిసిన పిల్ల, ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి కారణమేమీ దొరకదు.

“సంతోషి గారూ, మన కోడ్ పుణె టీమ్ కూడా వాడబోతోంది. మీ ఫైల్లో పేర్లు వాళ్లకు అర్థం కావట్లేదట. శుక్రవారం సాయంత్రానికల్లా అన్నీ ఇంగ్లీషులోకి మార్చేద్దామా? ఏ పేరుకు ఏది బాగుంటుందో టూలే చెప్తుంది, మీకు పెద్ద పని ఉండదు.”

సంతోషి “సరే” అంది. ఈ ఉద్యోగంలో పదమూడేళ్లుగా అన్నిటికీ సరే అంటున్న నోరు, దానికి ఇంకో మాట రాదు. మీటింగు అయిపోయాక ఆ పేర్ల ఫైలు తెరిచి చూసింది. బాపును రెండోసారి తీసుకుపోతున్నట్టు అనిపించింది, ఈసారి తన చేతులతోనే. అరగంట కూర్చుని, ఆలోచించి, సహస్రకు ఒక మెసేజ్ పెట్టింది. ‘నూట నలభై మార్చేస్తాను. ఒక్క పేరు ఉంచుకోవచ్చా? సదయ్య ఆగిన కాడ అనేది.’

జవాబు వెంటనే వచ్చింది. ‘ఆ పేరే ఎందుకు ఉండాలో ఒక్క లైను రాసివ్వండి. క్లయింట్‌ను అడిగి చూస్తాను.’

ఒక్క లైను. అంత చిన్న వరమిచ్చినా ఇచ్చింది కదా అని సంతోషికి ప్రాణం లేచొచ్చింది. లైను రాద్దామని కూర్చుంటే చేయి ఆగిపోయింది. సదయ్య ఎవరు? ఉన్నాడా, పోయాడా? ఇంటి పేరేంటి? పక్కన కూర్చుని అన్నేళ్లు కథలు విన్న కూతురికి ఆ మనిషి గురించి తమాకు తప్ప ఏమీ తెలియదు. అప్పుడు గుర్తొచ్చింది తండ్రి ఫోను. బ్యాంకు మెసేజీలు వస్తాయని సిమ్ తీయకుండా, గూట్లో పెట్టి, వారానికోసారి చార్జింగ్ పెడుతోంది. తెరిచి చూసింది. చేసిన కాల్స్ అన్నీ ఒకే పేరుకు. సదయ్య, సదయ్య, సదయ్య. పక్కన టైము కూడా ఒకటే. నాలుగు, నాలుగు, నాలుగు.

ఆమెకు కళ్ల ముందు కదిలింది. రోజూ సాయంత్రం నాలుగింటికి రాయమల్లు ఫోను పట్టుకుని వాకిట్లోకి పోయేవాడు. “పైకచ్చిన. నువ్వచ్చినవా?” అని, అవతలి జవాబు విని, పెట్టేసేవాడు. నిమిషం కూడా పట్టేది కాదు. సరిగ్గా నాలుగింటికే ఆమెకు ఆఫీసు మీటింగు. చెవిలో హైదరాబాదు వాళ్లు మాట్లాడుతుంటే వాకిట్లో ముసలాళ్ల ఆటేదో అనుకుందే తప్ప ఎవరితో అని ఒక్కనాడూ అడగలేదు.

ఆ నంబరుకు తన ఫోను నుంచి చేసింది. మూడుసార్లు మోగి ఆగిపోయింది. నాలుగోసారి ఒక ఆడమనిషి ఎత్తింది. సదయ్య కోడలట, పేరు దీప.

“ఏం అనుకోకు అక్కా, మామ కొత్త నంబరైతే ఎత్తడు. మా ఫోను ఎవలు చేస్తే వాళ్ల పేరు గట్టిగ ఒర్రుతది. పేరు ఒర్రితేనే ఎత్తుతడు, అంకెలు ఒర్రితే ముట్టడు. నువ్వు రాయమల్లు మామ బిడ్డవా? అయ్యో, రా అక్కా. మా ఆయన డ్యూటీ మందమర్రి బాయిల, ఈడనే ఉంటం.”

గురువారం సంతోషి సెలవు పెట్టింది. ఏడాది తర్వాత నిజంగా ఒక బస్సు టికెట్ చేతిలోకి తీసుకుంది. గోదావరి బ్రిడ్జి దాటి, మంచిర్యాలలో దిగి, అక్కడ షేర్ ఆటో ఎక్కి మందమర్రి చేరేసరికి పదకొండయింది. బాయి పనోళ్ల క్వార్టర్ల వరసలో చివరి ఇల్లు. మంచం మీద సన్నటి పెద్దమనిషి, కాలికి కట్టు గుర్తులు, చెవుల మీద వెంట్రుకలు. ఆమెను చూసి లేవబోయాడు.

“కూసో కాకా, లేవకు.”

“దినాలకు రాలేకపోయిన బిడ్డా. గప్పుడే కాలు ఆపరేషన్. దవాఖానల పండుకొని విన్న. ఏం జేస్త.” ఆయన ఆమె మొహాన్ని చాలాసేపు చూశాడు. “ముక్కు వానిదే.”

దీప చాయ్ ఇచ్చి వంటింట్లోకి పోయింది. సంతోషి పేరు సంగతి చెప్పింది. కంప్యూటర్ సంగతి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ‘ఒక పుస్తకంల బాపు జాగలకు పేర్లు రాయించిండు’ అంది. అది అబద్ధమేమీ కాదు.

“సదయ్య ఆగిన కాడ,” అన్నాడు సదయ్య నెమ్మదిగా. “ఏం జెప్పిండు నీకు?”

“నువ్వు తమాకు కోసం ఆగినవని. ముంగట రూఫు కూలిందని.”

సదయ్య తల అడ్డంగా ఊపాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆమెకు తెలియలేదు.

“నేను యాడ ఆగిన బిడ్డా! నేను ఉరుకుతున్న. టబ్బు కాడ నా తట్ట, బొగ్గెత్తే చెమ్మస్ ఉన్నయి. ఎనుకకెల్లి మీ నాయిన, ‘సదిగా, జర తమాకు ఇయ్యిరా’ అన్నడు. వానికి తమాకు అలవాటే లేదు. పదేండ్ల జోడీ, ఒక్కనాడు ముట్టలే. తమాకు ముట్టనోడు తమాకు అడుగుతుండేందిరా అని ఆగి ఎనుకకు సూసిన. గంతే. ముంగట కూలింది.”

“మరి…”

“రూఫు కింద పెట్టిన దిమ్మె పటపటమన్నది వాడు ఇన్నడు. నేను ఇనలే. ‘కూలుతాంది, ఆగు’ అని ఒర్రితే నేను తట్ట కోసం ఇంకింత ఉరుకుతనని వానికి ఎర్కే. నా సంగతి నాకన్న వానికే ఎర్క. గందుకే తమాకు అడిగిండు.”

సంతోషి గ్లాసు కింద పెట్టింది. “అయితే ఆ జాగకు బాపు పేరు పెట్టాలె గదా కాకా. ఆపింది ఆయన.”

“ఏ, అట్ల పెట్టరు. మా బాయిల ఒక కట్టుబాటు ఉంటుండె. ఆపినోని పేరు పెట్టద్దు, ఆగినోని పేరు పెట్టాలె. ఆపినోడు తన పేరు జెప్పుకుంటే మళ్లోసారి ఆని మాట ఎవడు ఇనడు అనేటోళ్లు పెద్దలు. మీ నాయిననే ఆ పేరు పెట్టిండు, అందరికి తమాకు కథ జెప్పిండు. నేను జెప్పబోతే తిట్టేటోడు.”

మంచం పక్కన ఫోను మోగింది. “కరెంటు ఆఫీసు! కరెంటు ఆఫీసు!” అని గట్టిగా అరిచింది. సదయ్య దాన్ని తీసి కట్ చేశాడు.

“దీప పెట్టింది గివన్ని. నాకు చేసుడు రాదు బిడ్డా, ఎత్తుడే అస్తది. మీ నాయినే చేసేటోడు. నాలుగు కాంగనే ‘రాయమల్లు! రాయమల్లు!’ అని ఒర్రేది. ఫస్ట్ షిఫ్టు పైకచ్చే టైం గదా. రిటైరై ఇన్నేండ్లాయె, అయినా అడుగుడు ఇడువలే.” కాస్త ఆగి అన్నాడు. “ఇప్పటికి నాలుగు కొడితే దీన్ని పక్కన పెట్టుకొని కూసుంట. పాడు అలవాటు. దీప ఆ పేరు తీసేస్త అన్నది. వద్దన్న.”

తిరుగు బస్సులో సంతోషి కిటికీ వైపు తిరిగి కూర్చుని ఏడ్చింది. పక్క సీటావిడ చూసి, చూడనట్టు కొంగు సర్దుకుంది. బాపు అబద్ధం ఆడాడని కాదు ఏడుపు. నిజం తెలిసిన మనిషి ఇరవై ఐదు మైళ్ల దూరంలో ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటే, తనేమో ఇల్లంతా బాపు గొంతు వెతుక్కుంది.

శుక్రవారం పొద్దున సహస్రకు లైను పంపింది. పదిసార్లు కొట్టి పదిసార్లు చెరిపి చివరికి ఇట్లా రాసింది. ‘చక్రం ఆగేదాకా ఇక్కడ ఆగాలి, లేకపోతే ఒకే సీటు ఇద్దరికి పోతుంది. సదయ్య అనే మనిషి ఇట్లాగే ఒకచోట ఆగాడు, ఆయన మందమర్రిలో బతికే ఉన్నాడు.’ క్లయింటుకు ఇది ఏం అర్థమవుతుందని అడిగితే ఏమీ కాదు. కానీ ఇంతకన్నా నిజమైన కారణం ఆమెకు తెలియదు.

జవాబు కోసం చూస్తూనే పని మొదలుపెట్టింది. టూలు ఒక్కో పాత పేరు చూపిస్తుంది, పక్కన ఇంగ్లీషు పేరు చూపిస్తుంది, ‘మార్చనా?’ అని అడుగుతుంది. ఎలుకల దర్వాజ పోయి వెతికే డబ్బా అయింది. ఐలవ్వ అడ్డం పోయి, అడ్డొచ్చే పెట్టెను మూసేది అయింది. దాని దగ్గర చేయి కాసేపు ఆగింది. అమ్మా, తిన్నాను, డబ్బా పెట్టుకున్నాను, లేసు కట్టుకున్నాను అని లోపల అనుకుని నొక్కింది. దిగుడు పోయింది. పైకచ్చుడు పోయింది. ప్రతిదాన్నీ మార్చే ముందు ఒకసారి పైకి చదివింది, ఇంక ఎవరూ చదవరు కనుక.

రెండున్నరకు ఓపెన్ కాస్టులో బ్లాస్టింగ్ అయింది. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి, గూట్లో గిన్నెలు కదిలాయి. రాయమల్లు పనిచేసిన బాయిని మూసేసి పైనుంచి తవ్వుతున్నారు. ఆయన ఉన్నప్పుడు బాంబు మోగినప్పుడల్లా “అగో, ఎలుకల దర్వాజ పోయింది” అనో, “నీళ్ల డిప్పు పోయింది” అనో వేళాకోళమాడేవాడు. ఆ రోజు సంతోషికి అది వేళాకోళంగా తోచలేదు. పైన ఆమె, కింద వాళ్లు, ఒకే రోజు ఒకే పని చేస్తున్నారు.

మూడు దాటాక సహస్ర ఫోన్ చేసింది. మెసేజ్ కాదు, ఫోనే.

“సంతోషి గారూ, సారీ. చాలా అడిగాను. క్లయింట్ ఒప్పుకోలేదు, ఒక్క పేరైనా వేరేగా ఉండొద్దన్నారు. మీరు రాసిన లైను మాత్రం దాని పైన నోట్‌లాగా ఉంచుకోవచ్చట.” కొంచెం తటపటాయించి అడిగింది. “సదయ్య గారు మీకు ఏమవుతారు?”

సంతోషికి చెప్పాలనిపించింది. కుర్చీ దగ్గర నుంచి, తమాకు దగ్గర నుంచి, అన్నీ. నోరు తెరిచేలోపే సహస్ర వెనకాల ఎవరో పిలిచారు. “ఒక్క నిమిషం... వేరే కాల్ వస్తోందండీ, నాలుగింటి మీటింగులో మాట్లాడుకుందాం,” అని పెట్టేసింది. నాలుగింటి మీటింగులో పదకొండు మంది ఉంటారు. అక్కడ ఇలాంటి మాటకు చోటుండదని ఇద్దరికీ తెలుసు.

చివరి పేరు మిగిలింది. టూలు అడుగుతోంది, ‘మార్చనా?’ అని. సంతోషి వెంటనే నొక్కలేదు. ఒక నిమిషం ఆగింది. బాయిలో అందరూ ఆగినట్టే, ఎక్కడైనా ఏదైనా వినబడుతుందేమో అని చెవి పెట్టింది. ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది, అంతే. నొక్కింది. నూట నలభై ఒకటీ అయిపోయాయి. ఒకసారి టెస్టులు నడిపి చూసింది. అన్నీ పచ్చగా పాసయ్యాయి. తెర మీద దిగిన మాటలన్నీ చక్కని ఇంగ్లీషు మాటలు, ఆమెకు అన్నీ అర్థమయ్యాయి, వాటిలో ఎవరూ లేరు. తల బల్ల మీద పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంట్లో వినేవాళ్లు లేనప్పుడు ఏడుపుకు కూడా మొహమాటం ఉండదు.

నాలుగు కావస్తుండగా ల్యాప్‌టాప్‌లో మీటింగు గంట మోగడం మొదలైంది. సంతోషి మొహం కడుక్కుని వచ్చింది. ల్యాప్‌టాప్ వైపు చూసింది, గూటి వైపు చూసింది. గూట్లోంచి బాపు ఫోను తీసుకుని వాకిట్లోకి నడిచింది. లోపల మీటింగు మోగి మోగి ఆగిపోయింది.

సదయ్య పేరు మీద నొక్కింది. మందమర్రిలో చివరి క్వార్టర్‌లో, మంచం పక్కన, ఒక ఫోను ‘రాయమల్లు! రాయమల్లు!’ అని అరుస్తూ ఉంటుంది ఈపాటికి. చేస్తున్నది ఎవరో దానికి తెలియదు, తెలిసింది పేరొక్కటే. ఒకటి మోగింది, రెండు, మూడు, నాలుగు. తప్పు చేశానేమో, ముసలాయన గుండె ఏమవుతుందో అని ఆమెకు భయం వేసి పెట్టేయబోయింది. అంతలో అవతల ఎత్తారు.

ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

“పైకచ్చిన,” అంది సంతోషి. “నువ్వచ్చినవా?”

అవతలి నుంచి సదయ్య గొంతు వచ్చింది.

“అచ్చిన బిడ్డా. ఇప్పుడే అచ్చిన.”